ఆగిన ఐసు యంత్రము - మన కర్తవ్యము

గోదావరి తీరముననున్న మన నాందేడు పట్టణపు వేసవి యెట్టిదో ఈ పత్రిక పాఠకులకు మేము వర్ణించి చెప్పవలసిన పని లేదు. హోలీ దాటినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించువరకు మిద్దెలు పెనములవలె కాగుచుండును. వైశాఖ జ్యేష్ఠములలో పగటి ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలను అందుకొనుట మనకు వింత కాదు. మన తాతముత్తాతలు ఈ ఎండను రంజనులోని నీటితోను, వట్టివేళ్ల తడికలతోను, అంబలితోను, మజ్జిగతోను ఎదుర్కొనిరి. నేడు అనేకుల యిండ్లలో రిఫ్రిజిరేటరు కలదు. కొన్ని యిండ్లలో తనంత తాను ఐసు తయారుచేయు యంత్రము కూడ దానియందే అమరియున్నది. అది నడచినంత కాలము దాని ఊసు ఎవరును ఎత్తరు. సరిగా ఎండలు ముదిరిననాడే అది ఆగును. అప్పుడు ఇల్లంతయు కలవరపడును.

"ఐసు యంత్రము ఆగుట పత్రికలో వ్రాయదగినంత విషయమా? భాషాల్పసంఖ్యాకుల సంఘమునకు వేరు పనులు లేవా?" అని కొందరు పెద్దలు అడుగవచ్చును. పనులు చాల కలవు, మేము కాదనము. అయినను ఇంటిలో తలయెత్తిన చిన్న చిక్కును మనము విడదీసికొను తీరులోనే మన వివేకము, మన పొదుపు, తుదకు మన భాష యొక్క బలము కూడ బయటపడునని మా అభిప్రాయము. గత వేసవిలో మన సంఘ మందిరమున జరిగిన సంగతియే ఇందుకు తార్కాణము. అది సభ్యులలో కొందరికి తెలిసినదే. తెలియనివారి కొరకు క్లుప్తముగా చెప్పుచున్నాము.

ఏటేట మందిరము ముంగిట మనము నడుపు చలివేంద్రము కొరకు సభ్యుల చందాలతో ఒక పెద్ద రిఫ్రిజిరేటరును కొంటిమి. ఐసు యంత్రము గలదానినే కోరి కొంటిమి. మొదటి ఏడు అది చక్కగా పనిచేసినది. మరు వేసవిలో, హామీ గడువు తీరిన కొలది వారములకే, శ్రీరామనవమి పానకము నాటికి ఐసు సన్నగిల్లినది. మరి పది దినములకు పూర్తిగా నిలిచినది. పిలిచినంతనే మిస్త్రీ వచ్చెను. తలుపు తెరచి చూచి, నాలుగు మీటలు నొక్కి, ఐసు కట్టు భాగమంతయు మార్చవలెననియు, దానిని నడుపు విద్యుత్ పలక కూడ చెడియుండుననియు చెప్పి, యంత్రపు వెలలో నాలుగవ వంతుకు మించిన అంచనా వ్రాసి యిచ్చెను. కార్యవర్గమున రెండు పక్షములేర్పడినవి. డబ్బు కట్టి బాగుచేయింతమని కొందరు, దీనిని అమ్మి క్రొత్తది కొందమని కొందరు. రెండును చందాదారుల సొమ్ముతోనే!

ఆ సమయమున, మిల్లులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలొకరు మూలనుండి లేచి, "అయ్యా, యంత్రమును తరువాత అడుగుదురు గాని, ముందు నీటిని అడుగుడు" అనిరి. వారే వెనుకకు పోయి నీటి గొట్టమును విప్పి బకెట్టులో పట్టిరి. గొట్టమునుండి నీరు దారమువలె సన్నగా కారినది. లోపల చూడగా, ఐసు అచ్చులోనికి నీరు పోయు చిన్న గొట్టపు మూతిలో మంచు గడ్డకట్టి బిరడావలె బిగిసియుండెను. యంత్రమును ఆపి, గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో ఆ మంచును కరిగించిరి. నీటి ఒత్తిడి పెంచుటకై, నీటి శుద్ధి యంత్రములకు వాడునట్టి చిన్న పంపును గొట్టమునకు అమర్చిరి. మరునాటి సాయంకాలమునకు ఐసు పడసాగినది. ఖర్చు మిస్త్రీ అంచనాలో చిన్న భాగము. విద్యుత్ పలక చెడనేలేదు.

ఆ మిస్త్రీ మోసగాడని మేము అనుట లేదు. ఏది చెడినదో వెదకుటకు గంట పట్టును. భాగమును మార్చుటకు పావుగంట చాలును. ఈ కాలమున వెదకుటకు కూలి యిచ్చువారు లేరు, మార్చుటకే యిత్తురు. కావున దోషము వానిది కొంత, మనది కొంత. మనకు యంత్రము నడక తెలియదు. తెలియదు గనుక ప్రశ్నింపము. ప్రశ్నింపము గనుక చెప్పినంత యిత్తుము. ఈ గొలుసును త్రెంపవలెననునదే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఐసు యంత్రపు నడకను తెలిసికొందము. ఇందు ఇంద్రజాలమేమియు లేదు. నల్లా నుండియో టాంకీ నుండియో వచ్చు సన్నని గొట్టము రిఫ్రిజిరేటరు వెనుక ఒక కవాటమునకు చేరును. ఆ కవాటమును వాల్వు అందురు. విద్యుత్తు సోకినప్పుడు తెరచుకొనును, తొలగినప్పుడు మూసికొనును. అది కొన్ని సెకన్లు మాత్రము తెరచుకొని, కొలిచినంత నీటిని అచ్చులోనికి వదలును. అచ్చు చల్లబడి, నీరు గడ్డకట్టినదని దానికి అంటియున్న ఉష్ణమాపకము గ్రహించినప్పుడు, ఒక తరగతి యంత్రములలో అచ్చు క్రిందనున్న తీగ కొంచెము వేడెక్కి, గడ్డల అంచులను వదులు చేయును. చేతివంటి పలకలు తిరిగి గడ్డలను డబ్బాలోనికి త్రోయును. మరియొక తరగతిలో వేడి తీగ లేదు. చిన్న మోటారు ప్లాస్టికు పళ్లెమును బోర్లించి మెలిపెట్టగా గడ్డలు రాలును. డబ్బా నిండినప్పుడు ఒక సన్నని కడ్డీ పైకి లేచి నిలిచి, "ఇక చాలు" అని చెప్పును. కొన్నింట కడ్డీకి బదులు కాంతికిరణము ఆ పని చేయును.

ఇంతే సంగతి. నీరు రావలెను, చలి కావలెను, గడ్డలు రాలవలెను, డబ్బా నిండలేదని యంత్రమునకు తెలియవలెను. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తప్పినందుననే ఐసు నిలుచును. కావున వెదకుటకు కూడ ఒక వరుస కలదు: ఖర్చు లేనిది మొదట, స్వల్ప ఖర్చుది తరువాత, పెద్ద ఖర్చుది చిట్టచివర. వైద్యుడు నాడి చూడక ముందే శస్త్రచికిత్సకు పూనుకొనడు గదా!

మొదట కడ్డీని చూడవలెను. అది పైకి లేచి చిక్కుకొనియున్నను, ఒక ఐసు గడ్డ దాని క్రింద అడ్డుపడినను, యంత్రము డబ్బా నిండినదని తలంచి ఊరకుండును. డబ్బాలో గడ్డలన్నియు కరగి తిరిగి ఒకే ముద్దగా బిగిసినను అంతే. బయటి పలకపై ఐసును ఆపు మీట యొకటి యుండును. ఇంటి చిన్నపిల్లలు ఆటగా దానిని నొక్కియుండవచ్చును. దీనికి కాసు ఖర్చు లేదు. కన్ను మాత్రము కావలెను.

రెండవది చలి. ఐసు గది ఉష్ణోగ్రత సున్నకు దిగువన 18 డిగ్రీలు ఉండదగును. దిగువ 12 డిగ్రీల కంటె వెచ్చబడినచో ఐసు కట్టుట మందగించును, కొన్ని యంత్రములలో పూర్తిగా నిలుచును. చిన్న ఉష్ణమాపకమును రాత్రి అందుంచి ఉదయమున చూచిన నిజము తేలును. చలి చాలనిచో కారణములను వరుసగా చూడవలెను. తలుపు రబ్బరు వదులైనదా? ఒక కాగితమును తలుపున బిగించి లాగినప్పుడు సులువుగా వచ్చినచో రబ్బరు పట్టుట లేదని అర్థము. వెనుకనో క్రిందనో గల తీగల చట్రమున దుమ్ము పేరుకొన్నదా? గోడకు మరీ ఆనించితిరా? గదిని కుక్కి నింపితిరా? లోపలి వెనుకగోడపై మందముగా మంచు పేరుకొన్నదా? పేరుకొన్నచో కరిగించు ఏర్పాటు చెడియుండవచ్చును. అప్పుడు మిస్త్రీని పిలువవలసినదే.

ఇచ్చట నాందేడు వాసులు గమనింపదగిన విశేషమొకటి కలదు. రిఫ్రిజిరేటరు లోపలి గోడకో వెనుకనో అంటించిన చిన్న పట్టికపై వాతావరణ తరగతిని సూచించు అక్షరములుండును. 'ఎన్' అనునది 16 నుండి 32 డిగ్రీల గదికి, 'ఎస్‌టీ' అనునది 38 డిగ్రీల వరకు, 'టీ' అనునది 43 డిగ్రీల వరకు తగినదని అర్థము. మన ఊరి రేకుల కప్పు వంటగదిలో, పొయ్యి ప్రక్కన, మే మాసపు మధ్యాహ్నమున ఎంత వేడి యుండునో ఆలోచింపుడు. 'టీ' తరగతి యంత్రమునకు కూడ అది కడపటి హద్దు. కావున వేసవిలో ఐసు తగ్గినదన్న ప్రతి మారు యంత్రము చెడినదని అనుకొనరాదు. దానిని పొయ్యికి దూరముగా, గాలి ఆడుచోటికి జరిపినంత మాత్రమున తేరుకొన్న యంత్రములు కలవు.

మూడవది, మన ఊరికి అన్నిటికంటె ముఖ్యమైనది, నీరు. మన పట్టణమునకు విష్ణుపురి జలాశయము నుండి గోదావరి నీరు వచ్చుచున్నది. నల్లా దినమంతయు రాదు. వచ్చినప్పుడు పట్టి, మిద్దెపై టాంకీలోనికి ఎక్కించి, దినమంతయు వాడుకొందుము. ఐసు యంత్రమును మొదట రూపొందించినవారు గొట్టములలో రాత్రింబవళ్లు ఒత్తిడితో నీరుండు పట్టణములను మనస్సున నుంచుకొని దానిని చేసిరి. గొట్టమునకు కలుపు యంత్రముల సూచనల పుస్తకములలో అనేకము కనీసము చదరపు అంగుళమునకు 20 పౌనుల ఒత్తిడి కావలెనని చెప్పును. ఇది ఎంత యెత్తు నీరు? ఒక అడుగు ఎత్తు నీటికి 0.43 పౌను ఒత్తిడి. అనగా 20 పౌనులకు సుమారు 46 అడుగుల ఎత్తు కావలెను!

మన యిండ్లను లెక్కింతము. ఒక అంతస్తు యింటిలో మిద్దెపై టాంకీలోని నీరు వంటింటి గొట్టమునకు 15 అడుగుల ఎత్తున నుండును. ఒత్తిడి ఆరున్నర పౌనులు మాత్రమే. మేడయింటిలో క్రింది అంతస్తున 25 అడుగులనుకొన్నను 11 పౌనులు దాటదు. అయిదంతస్తుల భవనమున నేలమట్టపు వాటాలో ఒత్తిడి చాలును. అదే భవనపు పై అంతస్తువారికి చాలదు. మధ్యలో నీటి వడపోత పాత్ర యున్నచో ఇంకను తగ్గును. మన మందిరము ఒక అంతస్తుది. ఆ యంత్రము మొదటి యేడు నడచుటయే విశేషము! వడపోత క్రొత్తదిగా నున్నంత కాలము ఎట్లో నెట్టుకొనివచ్చినది. అది పూడినకొలది ఊపిరి ఆగినది.

ఒత్తిడి తగ్గినప్పుడు నీరు తక్కువగా పడుట ఒక కీడు. దానికంటె పెద్ద కీడు మరియొకటి కలదు. ఆ కవాటము గట్టిగా మూసికొనుటకు నీటి ఒత్తిడియే సాయపడును. ఒత్తిడి చాలనిచో అది పూర్తిగా మూసికొనక బొట్టు బొట్టుగా కారుచుండును. ఆ బొట్లు చలిగదిలోని గొట్టపు మూతివద్దనే గడ్డకట్టి, దినదినమునకు పెరిగి, దారిని మూసివేయును. పైకి చూచువారికి ఐసు భాగమే చచ్చినట్లు తోచును. మన మందిరమున జరిగినది ఇదియే. కేవలము మంచును కరిగించి ఊరకున్నచో మరల పది దినములకు అదే కథ. ఒత్తిడి సరిచేసిననే శాశ్వత పరిష్కారము.

పరీక్ష సులభము. యంత్రము ప్లగ్గు తీసి, నీటి కవాటము మూసి, గొట్టమును విప్పి పాత్రలో పట్టి, మరల తెరువవలెను. పది సెకన్లలో 150 మిల్లీలీటర్లు, అనగా ముప్పావు గ్లాసు నీరైనను రానిచో నేరము యంత్రమునది కాదు, నీటిది. అప్పుడు గోడవద్ద కవాటము పూర్తిగా తెరచియున్నదా, గొట్టము యంత్రము వెనుక నలిగినదా, వడపోతను ఎప్పుడు మార్చితిమి అని చూడవలెను. వడపోతను సాధారణముగా ఆరు మాసములకొకసారి మార్చవలెనందురు; బోరు నీటి యిండ్లలో అంతకు ముందే పూడవచ్చును. మన నల్లరాతి నేలలోని బోరు నీరు చాలచోట్ల కఠినజలము. టీ గిన్నె అడుగున కట్టు తెల్లని పొరయే ఆ కవాటపు సన్నని జల్లెడలోను కట్టును. ఐసు కరిగినప్పుడు గ్లాసు అడుగున తెల్లని పొడి కనిపించినచో అది విషము కాదు, సున్నపు అంశమే; కాని యంత్రమునకు అది హెచ్చరిక.

నాలుగవది విద్యుత్తు. మన యిండ్లకు 230 వోల్టులు రావలెను. వేసవి సాయంకాలములలో అందరి కూలర్లును తిరుగుచుండగా కొన్ని వీధులలో అది బాగుగా పడిపోవును. అప్పుడు రిఫ్రిజిరేటరు గుండె వంటి కంప్రెసరు మూలుగును గాని చలి పుట్టింపలేదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే యంత్రమును నడపరాదు. అయిదు నిమిషములు ఆగవలెను. కొన్ని యంత్రములలో ఈ ఆలస్యము లోపలనే అమరియుండును. లేనివారు మంచి స్టెబిలైజరును పెట్టుకొనుట మేలు.

ఇవన్నియు చూచిన పిమ్మట, కరిగించవలసినది కరిగించి, ఇరువదినాలుగు గంటలు ఓపిక పట్టవలెను. చాలమంది ఇచ్చటనే పొరబడుదురు. గంటకొకసారి తలుపు తెరచి చూచుటచే ఉన్న చలి పోవును. మొదట పడిన రెండు మూడు విడతల గడ్డలను పారవేయవలెను. ఒక దినము గడచినను ఐసు రానిచో అప్పుడు కవాటపు తీగచుట్టయో, మోటారో, ఉష్ణమాపకమో, విద్యుత్ పలకయో చెడియుండును. అది మిస్త్రీ పని. కాని అప్పుడు మనము వానితో, "నీరు చూచితిమి, చలి చూచితిమి, గొట్టము కరిగించితిమి, ఇక కవాటమును మీటరుతో పరీక్షింపుము" అని చెప్పగలము. ఆ ఒక్క మాటతో అంచనా మారును.

ఒక హెచ్చరిక మాత్రము గట్టిగా చేయుచున్నాము. మంచును కత్తితోగాని, స్క్రూడ్రైవరుతోగాని, సుత్తితోగాని ఎన్నడును కొట్టరాదు. ఓజోను పొరకు హాని చేయు పాత వాయువులను 1987 నాటి మాంట్రియలు ఒడంబడిక ననుసరించి లోకము క్రమముగా తొలగించినది. నేటి అనేక గృహ యంత్రములలో ఐసోబ్యూటేను, అనగా ఆర్ 600ఏ అను వాయువు నింపబడియున్నది. అది ఓజోనుకు హాని చేయదు గాని మండు స్వభావము గలది. కత్తిమొన గొట్టమును చీల్చినచో యంత్రము పోవుటయే గాక ప్రమాదము కూడ కలుగవచ్చును. ప్లగ్గు తీయక వెనుక భాగమును ముట్టరాదు. హామీ గడువు లోపల గల యంత్రమును మరలు విప్పరాదు. కడ్డీని, కవాటమును, వడపోతను, ఉష్ణోగ్రతను చూచుటకు మాత్రము ఏ హామీయు అడ్డు రాదు.

ఐసు విలాసమనియు, అది లేకున్న ప్రాణము పోదనియు కొందరందురు. ఇందు సగము నిజము. రంజను నీటికి సాటి వచ్చు నీరు లేదని మేమును అంగీకరింతుము. అయినను వడదెబ్బ తగిలినవానికి వైద్యసహాయము అందులోపల తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, గుడ్డలో చుట్టిన ఐసును మెడ దగ్గర, చంకలలో, గజ్జలలో ఉంచుట ప్రాణరక్షకమని వైద్యులు చెప్పుదురు. ఇక బజారు ఐసు సంగతి. మంచినీటితో చేయనిది, చేపలను, సరుకును చల్లబరచుటకు చేసినది పానీయములలో కలియుచున్నదని తెలిసి, తినరాని ఐసుకు నీలిరంగు కలుపవలెనని మహారాష్ట్రమున 2018లో నిబంధన వచ్చినది. గడ్డకట్టినంత మాత్రమున నీటిలోని రోగక్రిములు చావవు. కావున వడకట్టిన నీటితో ఇంటనే చేసికొను ఐసు విలాసము కాదు, ఆరోగ్యము.

మంచుగడ్డ మన దేశమున ఎంత అపురూపమైనదో చరిత్ర చెప్పుచున్నది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడరు అను అమెరికా వర్తకుడు బోస్టను నుండి 'టస్కనీ' అను ఓడలో 180 టన్నుల మంచుగడ్డను కలకత్తాకు పంపెను. నాలుగు నెలల ప్రయాణమున కరిగినది పోగా సుమారు 100 టన్నులు చేరినది. మదరాసు సముద్రతీరమున 1842లో ఆ మంచును దాచుటకై కట్టిన భవనమే ఐస్ హౌసు. 1897లో వివేకానందస్వామి అందు బస చేసినందున అది నేడు వారి పేరిట వెలయుచున్నది. ఓడలపై వచ్చిన వస్తువు నేడు మన వంటింటిలో పుట్టుచున్నది. దానిని పుట్టించు యంత్రమును గూర్చి రెండు మాటలు తెలిసికొనలేమా?

ఇక మా ముఖ్యమైన మాట. ఆ దినమున మందిరమున పుస్తకము తెరచి చూచితిమి. ఇంగ్లీషు కలదు, హిందీ కలదు, తెలుగు లేదు. మనలో పెద్దలకు తెలుగు చదువ వచ్చును, యంత్రముల భాష రాదు. పిల్లలకు మరాఠీ, ఇంగ్లీషు వచ్చును, యంత్రము కూడ తెలియును. కాని తెలిసినదానిని అమ్మమ్మకు తెలుగున చెప్పలేరు. నాందేడు జిల్లా 1948 వరకు నిజాము రాజ్యమున నుండెను. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్ర మేర్పడెను. ఈ మార్పులన్నింటిలోను మన కుటుంబములు కదలలేదు, సరిహద్దులే కదలినవి. మరాఠీని మనము ప్రేమతో నేర్చితిమి. అది మన పిల్లల అన్నము, మన యిరుగుపొరుగుల నోటిమాట. దానియెడల మనకు ఎట్టి ఫిర్యాదును లేదు. కాని ఇంటిభాషకు ఇంటిలోనైనను పని కల్పింపకున్న అది ఎట్లు బ్రదుకును?

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందుటకు తగిన వసతులు కల్పించుటకై 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. దానికొరకు మనము అర్జీలు వ్రాసితిమి, వ్రాయుచుందుము. అయితే బడి ఇచ్చు భాష ఒకటి, వంటిల్లు ఇచ్చు భాష ఒకటి. పండుగనాటి పద్యమునకు, పెండ్లినాటి పాటకు మాత్రమే తెలుగును పిలిచి, బకెట్టు క్రింద నీరు కారుచున్ననాడు దానిని మరచినచో, అది పూజగదిలోని పటమువలె నిలుచును గాని మనిషివలె నడువదు. కవాటమన్నను సరే, వాల్వన్నను సరే. ఐసు అన్నను, మంచుగడ్డ అన్నను, పొరుగువారివలె బర్ఫు అన్నను సరే. మాట ఏదైనను, వాక్యము తెలుగుదై, అమ్మమ్మకు బోధపడినచో చాలును.

ఈ కారణములచే సంఘమునకు మేము మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది: ఇంటి యంత్రములలో వచ్చు సాధారణ చిక్కులను గూర్చి, ఒక్కొక్క యంత్రమునకు ఒక్క పుటకు మించకుండ, పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి ఈ పత్రికతోపాటు పంచవలెను, సభ్యులు వానిని వంటింటి గోడకు అంటించుకొందురు. రెండవది: మాసమునకొక ఆదివారము పాలిటెక్నికులోను, ఐటీఐలోను చదువు మన బాలబాలికలు మందిరమునకు వచ్చి, విశ్రాంతి పొందిన మన ఫిట్టర్ల, ఎలక్ట్రీషియన్ల ప్రక్కన కూర్చుండి పని నేర్వవలెను. ఒకరికి చేయి తెలియును, ఒకరికి పుస్తకము తెలియును. రెండును కలిసిననే విద్య. ఉస్మాన్‌షాహీ మిల్లు నడచిన కాలమున మన వాడలలో మర బిగించు చేతులకు కొదవ లేకుండెను. ఆ చేతులు వృద్ధములైనవి. వాని నేర్పు వారితోనే పోవుట మనకు భాష పోవుటకంటె తక్కువ నష్టము కాదు.

మూడవది కొనుగోలును గూర్చినది. క్రొత్త రిఫ్రిజిరేటరు కొనువారు దుకాణమునకు పోకముందే తమ టాంకీ ఎత్తును కొలిచికొందురు గాక. 46 అడుగులు లేనిచో గొట్టమునకు కలుపు ఐసు యంత్రమును, పంపు ఖర్చు కూడ లెక్కించుకొననిదే, కొనవద్దని మా సలహా. లోపలనే చిన్న నీటి తొట్టిని చేతితో నింపునవి కలవు. చేతితో మెలిపెట్టు పళ్లెములు కలవు. పళ్లెమునకు కవాటము లేదు, మోటారు లేదు, పలక లేదు. కావున చెడుటకు ఏమియు లేదు. ఖరీదైనది మేలైనదని కాదు, మన నీటికి, మన ఎండకు, మన కరెంటుకు తగినది మేలైనది. మనమును సంఘముగా ఈ పొరబాటు చేసితిమి గనుకనే ఇంత నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

మంచి మిస్త్రీల పొట్ట కొట్టుటకు ఇది వ్రాసితిమని ఎవరును తలంపకుందురు గాక. వెదకి దోషము పట్టినవానికి, భాగమేదియు మార్చకున్నను, పూర్తి కూలి సంతోషముగా ఇయ్యవలెను. అట్లు ఇచ్చు అలవాటు మనకుండినచో, గత వేసవిలో వచ్చిన ఆ మిస్త్రీ కూడ గొట్టము విప్పి చూచియుండెడివాడేమో.

రానున్న ఉగాది నాటికి మన చలివేంద్రము మరల తెరవబడును. దారిన పోవు కూలివాడు గ్లాసు చేతబట్టి చల్లని నీరు త్రాగునప్పుడు ఆ నీరు ఏ భాషదని అడుగడు. ఆ గ్లాసులో ఐసు గడ్డ ఒకటి కదలుచుండవలెనన్న, మనలో ఒక్కరైనను యంత్రము వెనుకకు పోయి, వంగి, గొట్టమును చూడవలెను. ఆ ఒక్కరు ప్రతి యింటను ఉందురు గాక యని ఆశించుచున్నాము.